తలుపు కోసం చేయించిన తాళంచెవి

విజయలక్ష్మి ఒక్కసారైనా వీధి గుమ్మం వంక చూడలేదు. గంటసేపు ఆ ఇంట్లో కూర్చున్నాక పద్మజకి ముల్లులా గుచ్చుకున్న సంగతి అదే.

భర్త కనిపించకుండా పోయి మూడో రోజు. గేటు చప్పుడైనా, ఫోను మోగినా ప్రాణం లేచొచ్చినట్టు ఉలిక్కిపడాల్సిన ఇల్లాలు చేటలో గోరుచిక్కుళ్ళు పోసుకుని, ఒక్కొక్కటే ఈనె తీసి తుంచుతోంది. ఏమైనా తెలిసిందా అని అడగలేదు. బతికే ఉంటారంటావా అని అంతకన్నా అడగలేదు. పద్మజకి పెళ్ళై నిండా నెల కాలేదు. భర్త భార్గవ కూరల సంచీతో వెళ్ళి పావుగంట ఆలస్యమైతేనే తను మూడుసార్లు బాల్కనీలోకి వస్తుంది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఇంత నిబ్బరంగా ఎలా ఉందా అని ఆశ్చర్యపోయింది. మరుక్షణం ఆ ఆశ్చర్యం అనుమానంగా మారింది.

జరిగింది ఇదీ. నరసరావుపేటలో జిన్నింగ్ మిల్లు నడిపే గోపాలకృష్ణయ్య మంగళవారం తెల్లవారకముందే ఇల్లు విడిచి వెళ్ళాడు. షెడ్డులో ఉన్న తెల్ల కారు కూడా ఆయనతోపాటే మాయమైంది. మర్నాడు ఆ కారు పిడుగురాళ్ల అవతల పాడుబడిన సున్నపురాయి క్వారీ గట్టు మీద, తలుపులన్నీ తాళం వేసి, కనిపించింది. లోపల మనిషి లేడు. గట్టు కింద లోతు తెలియని నీళ్ళున్నాయి. పోలీసులు ఆ సాయంత్రమే డ్రైవరు ముజాహిద్‌ని పిడుగురాళ్ల స్టేషన్‌కి తీసుకుపోయారు.

వాళ్ళ లెక్క తేలిక. ఆ కారు తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. స్టీరింగ్ దగ్గరున్న రింగు ఆ చిప్‌ని గుర్తుపడితేనే ఇంజను అంటుకుంటుంది. అచ్చం అవే పళ్ళతో మామూలు తాళంచెవి కోయిస్తే తలుపు తెరుచుకుంటుందేగానీ బండి కదలదు. కారుతో వచ్చిన చిప్ తాళంచెవులు రెండు. ఒకటి ఆషాఢమాసంలో గురజాల వెళ్ళినప్పుడు పోగొట్టుకున్నానని గోపాలకృష్ణయ్యే అందరితో చెప్పాడు. రెండోది ముజాహిద్ జేబులో ఉంటుంది. కాబట్టి బండి నడిపింది ముజాహిదే, యజమానిని ఏదో చేసిందీ వాడే. ఇవాళ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెట్టబోతున్నారు. ముజాహిద్ భార్య షబ్నం డిగ్రీలో పద్మజకి జూనియర్. చంటిబిడ్డని చంకనేసుకుని పద్మజ కొత్తగా తెరిచిన డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి, అక్కా మా ఆయన చీమకి కూడా హాని చెయ్యడు అని ఒక్క మాట అని ఏడుస్తూ కూర్చుండిపోయింది.

పద్మజ గోడ వంక చూసింది. చెక్కపలకకి కొట్టిన మేకులకి తాళంచెవులు వరసగా వేలాడుతున్నాయి. మిల్లువి, లారీవి, బీరువావి. ప్రతిదానికీ పసుపు రంగు నూలుదారం ముడి. అదేమిటని అడిగింది.

మిల్లు ఆనవాయితీ అని చెప్పింది విజయలక్ష్మి. దసరాకి కొత్త పత్తి వస్తుంది. ఆ ఏడు మొదట ఆడిన పత్తిలోంచి గుప్పెడు దూది తీసి, చేత్తోనే దారం పేని, పసుపులో ముంచి, ఆయుధపూజలో పెట్టిన తాళాలన్నిటికీ కడతారు. పాత దారం ఆ రోజే విప్పి పారే నీళ్ళలో వదులుతారు. మధ్యలో ఎవరూ తెంపకూడదు, తెంపితే ఆ ఏడు మిల్లుకి మంచిది కాదట. కట్టేది ఎప్పుడూ పెద్దాయనే. ఆ పని ఇంకొకళ్ళకి ఇవ్వడు.

“మరి ఈ ఏడాది కలిసొచ్చిందా పిన్నిగారూ?” అంది పద్మజ. నెల కిందట మిల్లు గోదాములో పత్తి అంటుకుని, వాచ్‌మన్ ఇశ్రాయేలు కాలిపోయిన సంగతి ఊరంతటికీ తెలుసు. కరెంటు తీగల వల్ల అన్నారు.

విజయలక్ష్మి చేతులు ఆగాయి. అప్పుడే లోపలికొచ్చిన హర్ష ఆ మాట అందుకున్నాడు. గోపాలకృష్ణయ్య తమ్ముడి కొడుకు, ఇప్పుడు మిల్లు వ్యవహారమంతా చూసేది అతనే. పెద్దమ్మని ఆ ప్రమాదం గురించి అడగొద్దండీ, తట్టుకోలేదు అన్నాడు నెమ్మదిగా. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని మాట. పెదనాన్న స్టీరింగు ముట్టుకుని పదిహేనేళ్ళైందని, ముజాహిద్ మీద మాత్రం తనకి అనుమానం లేదని చెప్పాడు. పూచీ ఉంటానన్నా ఎస్సై వదల్లేదట. పాపం ఏం తిన్నాడో, టిఫిన్ తీసుకుని స్టేషన్‌కే పోతున్నానని చేతిలో క్యారేజీ చూపించాడు. పద్మజకి ఆ కుర్రాడి మీద గౌరవం కలిగింది.

అతను వెళ్ళాక విజయలక్ష్మి మొదటిసారి తనంతట తాను నోరు విప్పింది.

“ఆ ముజాహిద్‌ని ఇప్పుడిప్పుడే వదలరు గదమ్మా?”

“వదిలితే మీకేమన్నా ఇబ్బందా?”

“ఇబ్బందేముంది. అడిగా.” మళ్ళీ చేటలోకి తల వంచుకుంది.

డబ్బున్న ఇంటి ఆడమనిషికి డ్రైవరు మీద ఇంత కసి ఎందుకు? లేక భర్త మాయమవడంలో తన చెయ్యే ఉండి, నేరం వేరొకడి నెత్తిన భద్రంగా ఉండాలని చూస్తోందా? స్కూటరు స్టార్ట్ చేస్తూ పద్మజ రెండో ఆలోచన వైపే మొగ్గింది.

*

పన్నెండు దాటేసరికి ఆమె క్వారీ గట్టు మీదుంది. కారుకి కాపలా కూర్చున్న కానిస్టేబుల్ కృపాదానం గొడుగు నీడలో కునుకుతున్నాడు. కారు పక్కన, సున్నం దుమ్ము కొట్టుకుపోయిన తెల్లబూట్లతో ఒక భారీ మనిషి నిలబడి ఉన్నాడు. పద్మజకి ఉసూరుమంది.

త్రికోటేశ్వరరావు. సీఐగా రిటైరై గుంటూరులో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టాడు. పెదనాన్నని వెతికిపెట్టమని హర్ష కుదుర్చుకున్నది ఇతన్నే.

“ఏమ్మాయ్, కాళ్ళ పారాణన్నా ఆరకముందే క్వారీల్లో ఏందీ తిరుగుడు? మీ ఆయనకి అన్నం ఎవరు పెడతన్నారు?”

“ఆయనే నాకు పెట్టి పంపాడండీ. ఉప్మా. ఉప్పు మర్చిపోయాడు. మీకూ పెట్టమంటారా?”

ఆ డబ్బా నిజంగానే సంచీలో ఉంది. పొద్దున భార్గవ చొక్కా నిండా రవ్వ పోసుకుని జీవితంలో మొదటిసారి వండిన ఉప్మా. మూత మీద స్కెచ్ పెన్నుతో తన పేరు కూడా రాశాడు. ఆ చప్పిడి ఉప్మా తల్చుకున్నప్పుడల్లా ఎక్కడున్నా ఆమెకి నవ్వొచ్చేస్తోంది. ఆ నవ్వు అణుచుకుని కారు చుట్టూ తిరిగింది.

చూడ్డానికేం లేదన్నాడు త్రికోటేశ్వరరావు. ముజాహిద్ దగ్గరి తాళంచెవిని పోలీసులు సీల్ చేసి పెట్టుకోవడంతో, తాళం వేసిన తలుపులు తెరవడానికి పిడుగురాళ్ల నుంచి మనిషిని పిలిపించి, పళ్ళు సరిచూసి మామూలు తాళంచెవి చేయించాడు. లోపలంతా వెతికాడు. ఏమీ దొరకలేదు. నీళ్ళలోకి గజఈతగాళ్ళని దింపించాలి, ముజాహిద్ చేత నిజం చెప్పించాలి, అంతే మిగిలిందని తేల్చేశాడు.

“ఎక్కి చూడొచ్చా?”

“చూస్కో. సెల్ఫీ మాత్రం దిగమాక.”

పద్మజ డ్రైవరు సీట్లో కూర్చుంది. కాళ్ళు హాయిగా పెడల్స్ మీద ఆనాయి. ఆ హాయి దగ్గరే ఆమె ఆగిపోయింది. తను అయిదడుగుల మనిషి. ఏ కారెక్కినా ముందు సీటు జరుపుకోవాలి. ముజాహిద్ ఆరడుగులవాడు. సీటు ఇంత ముందుకుంటే అతని మోకాళ్ళు స్టీరింగుకి ఇరుక్కుపోతాయి. సీటు ఎవరైనా జరిపారా అని అడిగింది. ఎవరూ ముట్టలేదన్నాడు కృపాదానం. తాను వెనక తలుపులోంచి వంగి చూశానే తప్ప ఆ సీట్లో కూర్చోలేదన్నాడు త్రికోటేశ్వరరావు. ఆయన పొట్ట చూస్తే అది నిజమేననిపించింది.

లోపల వేడికి ఊపిరాడలేదు. అద్దాలు దింపుతాను, మీ తాళంచెవి ఇవ్వమంది.

“దించుకో. స్టార్ట్ అవుద్దేమోనని ఆశపడబాక. అది తలుపు కోసం చేయించింది. చిప్ లేదు.”

ఆమె దాన్ని దూర్చి ఒక్క మెట్టు తిప్పింది. మీటర్లన్నీ వెలిగాయి. వాటి మధ్య తాళంచెవి బొమ్మ ఉన్న ఎర్రదీపం వెలిగి, ఆరిపోయింది.

ఆ దీపం సంగతి పద్మజకి బాగా తెలుసు. పెళ్ళైన వారానికే మాచర్ల అవతల ఎత్తిపోతల వెళ్ళి, ఫొటోల సంబరంలో భార్గవ తమ కారు తాళంచెవిని నీళ్ళలో జారవిడిచాడు. ఇంట్లో ఉన్న చిప్ లేని తాళంచెవిని ఎవరో తెచ్చి ఇస్తే తలుపు తెరుచుకుంది. ఈ ఎర్రదీపం మాత్రం మిణుకుమిణుకుమంటూ కొట్టుకుంటూనే ఉంది. ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. గుంటూరు నుంచి కొత్త చిప్ ఎక్కించే మనిషి లాప్‌టాప్‌తో వచ్చేదాకా ఇద్దరూ ఉడికించిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటూ ఆ దీపాన్నే చూశారు. ఇంత మంచి సాయంత్రం మళ్ళీ రాదు అనుకున్నారు కూడా.

చిప్ లేకపోతే దీపం ఆరదు. ఇక్కడ ఆరింది.

“ఇది చేయించాక ఒక్కసారైనా స్టార్ట్ చేసి చూశారా సార్?”

“చిప్ లేందే కాదని షోరూమోళ్ళే చెప్తుంటే చూసేదేందమ్మా?”

పద్మజ క్లచ్ తొక్కి తాళంచెవి పూర్తిగా తిప్పింది.

ఇంజను శుభ్రంగా, ఒక్క దగ్గు కూడా లేకుండా అంటుకుంది.

కృపాదానం గొడుగు వదిలేసి లేచి నిలబడ్డాడు. త్రికోటేశ్వరరావు నల్లకళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆమె ఇంజను ఆపి, స్కూటరు డిక్కీలోంచి స్క్రూడ్రైవరు తెచ్చుకుని, కానిస్టేబుల్ని ఫోనులో వీడియో తియ్యమంది. స్టీరింగు కింద దూరి మెడ వంచేసరికి మెట్టెలు పెడల్‌కి తగిలి టింగుమన్నాయి. అడుగు మూత నాలుగు స్క్రూలు విప్పగానే ఊడివచ్చింది. తాళంచెవి దూర్చే చోటు పక్కన, నల్ల టేపుతో చుట్టి అతికించిన చిన్న ముద్ద.

టేపు ఒలిచింది. చిప్ తాళంచెవి నల్లటి తల. పళ్ళున్న ఇనుప భాగం రంపంతో కోసేశారు. అలా తల ఒక్కదాన్నీ అక్కడ దాస్తే రింగు ఎప్పుడూ దాన్నే చూస్తుంటుంది. ఇక ఏ మామూలు తాళంచెవి తిప్పినా బండి నడుస్తుంది.

“ముజాహిదే పెట్టుంటాడు,” అన్నాడు త్రికోటేశ్వరరావు వెంటనే.

“జేబులో అసలైన తాళంచెవి ఉన్నవాడికి ఈ తిప్పలెందుకండీ? దొంగతనంగా బండి తియ్యాల్సిన అవసరం అది లేనివాడికే ఉంటుంది.”

“హర్ష బాబు నాతో అన్నాడు, పోయిన తాళం ఎవడికో దొరికుంటది. వాడే...”

“ఇది పోలేదు. ఇటు చూడండి.”

ఆ నల్లటి తలకి రింగు తగిలించే కన్నం ఉంది. టేపు కింద నలిగిపోయి, అయినా రంగు పోకుండా, ఆ కన్నంలో పసుపు దారం ముడి. పద్మజ ఆ ఇంటి ఆనవాయితీ వివరించింది. పోయిందన్నది ఆషాఢంలో. కొత్త పత్తి దారం కట్టింది దసరాకి. పోయిన తాళంచెవి మూడు నెలల తరవాత పూజలో ఎలా కూర్చుంది? కట్టేది పెద్దాయన ఒక్కడే. ఇంకెవరో దొంగిలించి దాచి ఉంటే టేపు నున్నగా అంటుకోడానికి అడ్డొచ్చే దారాన్ని ముందు తెంపేసేవాళ్ళు. తెంపడానికి చెయ్యి రానిది ఆయనకే.

“అంటే గోపాలకృష్ణయ్యే దాచాడంటావు. ఆయనే నడుపుకుంటా వచ్చాడంటావు.”

“ఆయన నా అంత ఎత్తేనని మీకూ తెలుసు. సీటు నాకు సరిపోయింది. పదిహేనేళ్ళ కిందట వచ్చిన డ్రైవింగు ఎక్కడికి పోతుంది?”

ఆయన మొహం కందగడ్డలా అయింది. ముప్పై ఏళ్ళ సర్వీసు, ఎన్ని హత్యకేసులు, ఎన్ని మెడల్స్ అని మొదలుపెట్టాడు. నిన్నగాక మొన్న బోర్డు పెట్టిన పిల్ల తనకి పాఠాలు చెప్పేదేమిటన్నాడు. పద్మజ ఊరుకోలేదు.

“మీ జేబులో తాళంచెవి నిన్నటి నుంచీ ఉంది సార్. ఒక్కసారి తిప్పుంటే ముజాహిద్ రాత్రి ఇంట్లో పడుకునేవాడు.”

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. త్రికోటేశ్వరరావు ఫోను తీసి, ఒకప్పుడు తన కింద పనిచేసిన ఎస్సైకి తనే విషయం చెప్పాడు. వీడియో పంపించాడు. పది నిమిషాల్లో జవాబొచ్చింది.

“వదిలేశారమ్మాయ్. హర్ష బాబు అక్కడే ఉన్నాడంట. పూచీ సంతకం పెట్టి, తనే ఇంటికాడ దింపుతానని కారెక్కించుకున్నాడు. డ్రైవరుకి యజమాని డ్రైవరైనాడు చూడు.”

పద్మజకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. షబ్నంకి మెసేజ్ పెట్టింది. భార్గవకి పెట్టింది. సాయంత్రం ఇద్దరూ పునుగుల బండి దగ్గరికి పోవాలని కూడా అనుకుంది. ఆ తరవాతే ఇంకో పని గుర్తొచ్చింది. భర్త తనంతట తానే వెళ్ళాడని తెలిస్తే విజయలక్ష్మి ఏమంటుందో వినాలి. ఆ నిబ్బరం వెనక ఏముందో ఇప్పుడు బయటపడాలి. ఫోను చేసి, దారం సంగతీ ముజాహిద్ విడుదలా గబగబా చెప్పి, చెవి రిక్కించింది.

అవతల చేట కింద పడిన చప్పుడు.

“ఎంత పని చేశావమ్మా,” అని మాత్రం వినిపించింది. ఫోను కట్టయింది.

నిమిషం గడవకముందే ఏదో కొత్త నంబరు నుంచి మోగింది. పద్మజ స్పీకరు నొక్కింది. వయసు మళ్ళిన గొంతు, ఆయాసపడుతూ:

“నేను గోపాలకృష్ణయ్యనమ్మా. ముజాహిద్ ఇంకా స్టేషన్లోనే ఉన్నాడని చెప్పు.”

త్రికోటేశ్వరరావు చేతిలోని కళ్ళద్దాలు జారి రాళ్ళ మీద పడ్డాయి.

గోపాలకృష్ణయ్య జవాబు కోసం ఆగకుండా చెప్పుకుపోయాడు. గోదాము తగలబడింది కరెంటు తీగల వల్ల కాదు. ఆ వేళ ముజాహిద్ బండి పెట్టడానికి మిల్లుకొచ్చి, గోదాములోంచి ఒక మనిషి బయటికొచ్చి బయట గడియ వేసుకుపోవడం చూశాడు. లోపల ఇశ్రాయేలు నిద్రపోతున్నాడు. ఆ మనిషి హర్ష. ముజాహిద్ భయపడి భయపడి సోమవారమే తనకి చెప్పాడు. హర్ష చెరిపేశాననుకున్న కెమెరా రికార్డు ఒకటి తన దగ్గర మిగిలింది. దాన్ని తీసుకుని గుంటూరు చేరాడు. ఊళ్ళో లేని పై అధికారి తిరిగి రాగానే, రేపు పొద్దున, ఆయన చేతిలో పెడతాడు. ఇంట్లో తను ఏం ముట్టుకున్నా హర్ష కళ్ళు తన మీదే ఉంటాయి. అందుకే, పోయిందనుకున్న తాళంచెవి దసరా ముందే దొరికినా ఎవరికీ చెప్పకుండా, దాని చిప్ కారులోనే దాచి, ఉత్త తాళంచెవిని మిల్లు తాళాల గుత్తిలో కలిపేసుకున్నాడు.

“ముజాహిద్ చూశాడని హర్షకి తెలిసిపోయింది. రేపటిదాకా వాణ్ణి కాపాడే చోటు ఆ స్టేషనొక్కటే అనుకున్నా. నేరం వాడి మీదికి పోయేట్టు బండిని కావాలనే అక్కడ వదిలా. వాడు లోపలే ఉన్నాడు గదా?”

“వదిలేశారండీ. నేనే... నేనే వదిలించాను.”

“ఎవరితో పంపారు?”

పద్మజ త్రికోటేశ్వరరావు వైపు చూసింది. ఆయన అప్పటికే హర్షకి ఫోను చేస్తున్నాడు. స్విచాఫ్. ఆమె తన రెండో ఫోనులోంచి ముజాహిద్‌కి చేసింది. మోగింది. ఎత్తారు. పలికింది ఎస్సై. ఫోనన్నా తీసుకోకుండా పోయాడండీ మీవాడు, హర్ష గారు తొందర పెట్టారు అన్నాడు. కారు ఎటు వెళ్ళిందని అడిగితే, నరసరావుపేట రోడ్డుకి కాకుండా సున్నం బట్టీల వైపు తిరిగిందని, అడ్డదారేమో అనుకున్నానని చెప్పాడు. త్రికోటేశ్వరరావు ఫోను లాక్కుని, జీపు తియ్యమని గొంతు చించుకుని అరిచాడు.

స్టేషను నుంచి బట్టీలు ఎంత దూరమో, ఈ గట్టు నుంచీ అంతే. స్కూటరు మీద అందుకోలేరు. పద్మజ డ్రైవరు సీట్లోకి దూకి, ఆ నల్లటి తలని ఆయన చేతిలో కుక్కింది.

“స్టీరింగు కింద, ఇక్కడ ఆనించి పట్టుకోండి. కదిలించొద్దు.”

అంత మనిషీ పక్కసీట్లోంచి పొట్ట నొక్కుకుపోయేట్టు వంగి రెండు చేతులతో పట్టుకున్నాడు. తాళంచెవి తల కాస్త పక్కకి జారింది. మొదటిసారి ఇంజను దగ్గి ఆగింది. రెండోసారి అంటుకుంది. కేసులో ఉన్న బండి కదపకూడదు మేడం అని కేకేస్తూ పరిగెత్తుకొచ్చిన కృపాదానం, ఆమె మొహం చూసి, వెనక తలుపు తీసి తనూ ఎక్కేశాడు.

“దారి నే చెప్తా, ఎడమకి తిప్పండి,” అన్నాడు. చేతి గడియారం చూసుకుని, గొంతు తగ్గించి మళ్ళీ అన్నాడు. “తొందరగా పోనీయండి మేడం. ఇది కూలోళ్ళు అన్నాలకి పోయే వేళ. ఇప్పుడు బట్టీల కాడ మంటే ఉంటది, మనిషన్నోడు ఉండడు.”